చింతలేరు డిపోకి ఒక గుద్దు కావలెను

చింతలేరు బస్సు డిపోకి ఒక పాడు జబ్బుంది. అక్కడి బస్సులు దేన్నీ గుద్దవు.

మనిషిని గుద్దవు, గొడ్డుని గుద్దవు, ఎదురొచ్చే లారీని గుద్దవు, ఆఖరికి కరెంటు స్తంభాన్నయినా గుద్దవు. కొండవార ఊళ్ళకి పోయే ఆ దారుల్లో ఒక పక్క నీళ్ళు పారే గెడ్డ, ఒక పక్క గుట్ట, మధ్యలో గొర్రెలు. గుద్దదలుచుకుంటే వసతులకి లోటు లేదు. అయినా గుద్దవు. ఒకప్పుడు దీన్ని గొప్పగా చెప్పుకునేవారు. డిపో మేనేజరు గొర్లె దమయంతికి పై ఆఫీసువాళ్ళు ఓసారి శాలువా కూడా కప్పారు. ఆ శాలువా మడత నలగకముందే కాలం మారిపోయి, అదే పై ఆఫీసునుంచి ఆమెకి సంజాయిషీ నోటీసు వచ్చింది.

"మీ డిపో పరిధిలో చాలాకాలముగా ఎట్టి ప్రమాదమూ సంభవించకపోవుటను తీవ్రముగా పరిగణించడమైనది. ఇందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలసినది."

దమయంతి ఆ కాగితం చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. తరవాత కండక్టరు రవణమ్మని పిలిచి, "నువ్వోసారి చదివి చెప్పవే, నాకేదో అయినట్టుంది" అంది.

రవణమ్మ కూడబలుక్కుని చదివి, "మీకేటీ అవలేదు మేడమ్, ఆళ్ళకే అయింది" అని కాగితం తిరిగిచ్చేసింది.

అసలు సంగతి ఏమిటంటే, పై ఆఫీసువాళ్ళు రోడ్డు భద్రత మీద మోజు పడ్డారు. మోజు పడ్డాక ఊరికే కూర్చోలేరు గనక ప్రతి బస్సులోనూ, ఆఫీసు కార్లలోనూ, జీపుల్లోనూ స్టీరింగు కింద ఒక నల్లపెట్టె బిగించారు. దానికి చిత్రగుప్త అని పేరు పెట్టారు. బస్సు ఎలా పోతోంది, ఎక్కడ కుదుపు, ఎక్కడ బ్రేకు, ఎక్కడ వంకర, అంతా ఆ పెట్టె రాసుకుని రాజధానిలో ఉన్న పెద్ద యంత్రానికి పంపుతుంది. బస్సు ఎక్కడైనా దేన్నయినా గుద్దితే ఆ యంత్రం తనంతట తనే కనిపెట్టి అంబులెన్సుకి కబురు పెడుతుంది. మంచి ఆలోచనే, కాదనడానికి లేదు. దమయంతి కూడా మొదట్లో సంబరపడి పెట్టెలన్నింటికీ పసుపూ కుంకుమా పెట్టించింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, యంత్రం గుద్దుడుని గుర్తుపట్టాలంటే అది ముందు కొన్ని గుద్దుళ్ళు చూసి ఉండాలి. పులిని ఎన్నడూ చూడనివాడికి పులి అడుగు చూపిస్తే ఏం తెలుస్తుంది? అంచేత యంత్రానికి గుద్దుళ్ళు కావాలి. దారులు రకరకాలు గనక ప్రతి దారిలోనూ కావాలి. ప్రమాదాలు తగ్గించడానికి పుట్టిన పథకానికి ప్రమాదాలు చాలడం లేదని బెంగ పట్టుకుంది. ఆఫీసుల్లో బెంగ ఎక్కువకాలం బెంగగా ఉండదు, లక్ష్యంగా మారుతుంది. డిపోకి ఇన్ని ప్రమాదాలని పంచేశారు.

పక్కనే ఉన్న బొంతలకోట డిపోకి ఈ పథకం బాగా కలిసొచ్చింది. అక్కడి డ్రైవర్లు పెట్టెలు రాకముందునుంచీ ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు. వెనకటికి ఆ డిపో పేరు చెబితే సంస్థలో అందరూ తల దించుకునేవారు. ఇప్పుడు దానికి 'దత్తాంశ సంపన్న డిపో', అంటే యంత్రానికి దండిగా మేత పెట్టే డిపో, అని బిరుదిచ్చి వెండి కప్పు చేతిలో పెట్టారు. ఆ కప్పు పట్టుకుని తిరిగొస్తూ దాని మేనేజరు జీపు ఒక కిళ్ళీబడ్డీని గుద్దింది. దాన్నీ లెక్కలో వేసి మెచ్చుకున్నారు.

నోటీసుకి దమయంతి ఇచ్చిన జవాబు ("మావాళ్ళు చూసుకుని నడుపుతారు") తృప్తికరంగా లేనందువల్ల, ప్రమాద దత్తాంశ ప్రత్యేకాధికారి తటవర్తి ఇందుశేఖరం గారు స్వయంగా చింతలేరు వేంచేశారు. సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలో ఇస్త్రీ చేసిన మనిషిలా ఉంటారు. చేతిలో పలకలాంటి తెర ఒకటి. దాని మీద రాష్ట్రం పటం. ప్రమాదాలు జరిగిన చోటల్లా ఎర్రచుక్కలు. రాష్ట్రమంతా తట్టు పోసినట్టు ఎర్రగా ఉంటే, చింతలేరు ఒక్కటీ తెల్లగా పాలుగారుతోంది.

"చూశారా అమ్మా, ఈ మచ్చ!" అన్నారాయన ఆ తెల్లని చోట వేలు పెట్టి. "సమగ్ర దృక్పథంతో పరిశీలించినట్లయితే, ప్రమాదం జరగని దారి శాస్త్రీయంగా చీకటి దారి. అక్కడ ఏం జరుగుతోందో మాకు తెలియదు."

"ఏమీ జరగదు సార్. బస్సు వెళ్తుంది, వస్తుంది."

"అది మీ అభిప్రాయం. దత్తాంశం లేని అభిప్రాయం."

దమయంతి టీ తెప్పించింది. ఆయన టీ తాగుతుండగా కొంచెం ధైర్యం చేసి, "పోనీ సార్, మావాళ్ళు గుద్దబోయి తప్పించుకున్నవి బోలెడున్నాయి. అవి పనికిరావా?" అంది.

"తప్పిపోయిన ప్రమాదం ప్రమాదమెలా అవుతుందమ్మా? సంబంధం తప్పిపోయినవాణ్ణి అల్లుడంటామా?" అని ఆయన కప్పు కింద పెట్టారు. "మరొక్క ముఖ్యాంశం. ప్రమాదం సహజసిద్ధంగా ఉండాలి. బుద్ధిపూర్వకంగా చేసినది చెల్లదు. నిజమైన రోడ్డు, నిజమైన ప్రయాణం, నిజమైన ఏమరుపాటు. చిత్రగుప్తని మోసగించడం అసాధ్యం."

"అంటే, చెయ్యాలి గాని చెయ్యాలనుకోకూడదు."

"చక్కగా గ్రహించారు! ప్రయత్నంలో లోపం ఉండకూడదు. ఉద్దేశం ఉండకూడదు. కార్తీక పౌర్ణమి లోగా ఒక్కటంటే ఒక్కటి నమోదు కావాలి. కానియెడల మీ డిపోని బొంతలకోటలో విలీనం చేయక తప్పదు. మీ దారులన్నిటా వారి డ్రైవర్లే నడుపుతారు. ఎంతైనా వారికి అనుభవం ఉంది."

దమయంతి బెదిరిపోయింది. తన కుర్చీ పోతుందని కాదు. పొద్దున్నే కొండవారనుంచి వచ్చే మొదటి బస్సు ఆమె కళ్ళముందు కదిలింది. కాలేజీ ఆడపిల్లలు, కూరగాయల గంపలు, ఆసుపత్రికొచ్చే బాలింతలు, మెట్లమీద వేలాడే కూలి జనం. ఆ బస్సు స్టీరింగు వెండి కప్పు గెలిచిన చేతుల్లో ఊహించుకుంది. ఆ గెడ్డ వంతెన మలుపు ఊహించుకుంది. ఇంక ఊహించుకోలేక లేచి నిలబడింది.

ఇందుశేఖరం గారు వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగారు. రెండో పూట బస్సులు బయల్దేరే వేళ. ఒక్కో బస్సూ గేటు దగ్గర ఆగుతోంది. దమయంతి, "ఎవరికి చెప్పొచ్చావు?" అని అడుగుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మా అమ్మకి సెప్పొచ్చినాను మేడమ్", "మా సిన్నదానికి", "మా ఆడదానికి, సంతకెల్లింది, ఫోన్లో సెప్పినాను" అని జవాబు చెప్పి కదులుతున్నాడు. ఇది ఆ డిపో ఆచారం. ఎవరికీ చెప్పకుండా వచ్చినవాడికి ఆ పూట స్టీరింగు ఇవ్వరు. చెప్పి వచ్చేదాకా బస్సు ఆగుతుంది. ఎక్కినవాళ్ళు కూడా గొణగరు, అలవాటు పడ్డారు.

దమయంతి పెట్టిన ఆచారమే అది. ఆమె మొగుడు ఓ రోజు పొద్దున్న ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా ఎవరికీ చెప్పకుండా స్కూటరు తీసి వెళ్ళాడు. తిరిగి రాలేదు. చెప్పి వెళ్ళినవాడికి తిరిగొచ్చి ముఖం చూపించాల్సిన బాధ్యత ఉంటుందని ఆమె నమ్మకం. నమ్మకానికి శాస్త్రం లేకపోవచ్చు. ప్రమాదాలూ లేవు.

ఇందుశేఖరం గారు అదంతా చూసి, పలక మీద ఏదో గీక్కున్నారు. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది: "బస్సు బయలుదేరునపుడు చోదకులను కుటుంబ విషయములు అడుగుట దత్తాంశ సేకరణకు భంగకరము. తక్షణం నిలుపుదల చేయవలసినది."

దమయంతి నోరు మూసుకుంది. మర్నాడు గేటు దగ్గర ఏమీ అడగకుండా నిలబడింది. బస్సు ఆగింది. డ్రైవరు పోలినాయుడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆమె మూసిన నోటి వంక చూసి, తనే అరిచాడు. "మా మనవరాలికి సెప్పొచ్చినాను మేడమ్! మీరు అడగలేదు, నానే సెప్తన్నాను. ఉత్తర్వుకి దెబ్బ లేదు!" వెనక బస్సులవాళ్ళు కూడా అదే అందుకున్నారు. అడగకుండా చెప్పకూడదని ఉత్తర్వులో లేదు మరి.

ఆ సాయంత్రం దమయంతి డ్రైవర్లందర్నీ గ్యారేజీలో కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఒక్క ప్రమాదం లేకపోతే డిపో పోతుంది, దారులు బొంతలకోటవాళ్ళ పాలవుతాయి అని. చెబుతున్నప్పుడు ఆమెకి తన గొంతు తనదిలా అనిపించలేదు.

చివరికి పోలినాయుడు లేచాడు. నెరిసిన మీసం, నిదానం మనిషి, డిపోలో అందరికంటే పాతకాపు.

"అలగే మేడమ్. మీరు సెప్పాక కాదంటానా? ఎవల్ని గుద్దమంటారు? పేరు సెప్పండి."

దమయంతి తల దించుకుంది. పేరు చెప్పడానికి ఆ దారిలో ఆమెకి తెలియనివాళ్ళు ఎవరున్నారు గనక?

"మనుషుల్ని కాదయ్యా," అంది. "ఎవరికీ దెబ్బ తగలకూడదు. పెట్టెకి మాత్రం తగలాలి. అలాంటిది చూడండి."

అలాంటిది చూశారు. డిపో ఆవరణలో పోలినాయుడి బస్సూ ఇంకో బస్సూ ఎదురెదురుగా వచ్చి ముక్కు ముక్కూ తాకించుకున్నాయి. రంగు కూడా పోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడోనాటికి పై ఆఫీసునుంచి జవాబు. "తాకుటకు పూర్వము ఉభయ వాహనములు హారను మోగించి పరస్పరం పలకరించుకొనినట్లు, తాకినప్పటి వేగము ఎడ్లబండి వేగమునకు లోబడినట్లు తెలియవచ్చినది. ఇది ప్రమాదము కాదు, పేరంటము. తిరస్కరించడమైనది."

లోపం డ్రైవర్లలో ఉందని పై ఆఫీసువాళ్ళు తేల్చారు. లోపం ఎక్కడుంటే శిక్షణ అక్కడుంటుంది. రాజధానినుంచి ఒక నిపుణుడు దిగి, చింతలేరు డిపోలో 'సహజ అశ్రద్ధ శిక్షణా తరగతులు' ప్రారంభించాడు. ఇందుశేఖరం గారు తన సొంత డ్రైవరుని కూడా నేర్చుకోమని పంపించారు.

"మీ మనసుని రోడ్డుమీదనుంచి మెల్లిగా తప్పించండి," అన్నాడు నిపుణుడు కళ్ళు మూసుకుని. "ఇంటి సంగతులు తలుచుకోండి. భార్యా బిడ్డల్ని తలుచుకోండి."

పోలినాయుడు చెయ్యెత్తాడు. "బాబూ, ఆళ్ళని తలుచుకుంటే ఇంకా నిదానంగా తోలతామండి."

"అయితే వాళ్ళని తలుచుకోకండి. వేరే ఏదైనా తలుచుకోండి."

"వేరే ఏటుందండి?"

నిపుణుడు కళ్ళు తెరిచి తన పుస్తకంలో వెతికాడు. మధ్యాహ్నానికి క్లాసులో సగంమంది గుర్రుపెట్టారు. అశ్రద్ధ తరగతిలో అశ్రద్ధగా ఉన్నారు గనక వాళ్ళందరికీ పట్టాలిచ్చారు. కళ్ళప్పగించి విన్న పోలినాయుడు తప్పాడు. "విషయముపై అతిశ్రద్ధ కనబరచినందున" అని కారణం రాశారు. ఇందుశేఖరం గారి డ్రైవరు మాత్రం మొదటి తరగతిలో నెగ్గాడు. ఆ పట్టా పట్టుకుని ఇంటికెళ్ళి, ఎదురింటి గోడని గుద్ది, చెయ్యి విరగ్గొట్టుకుని సెలవు పెట్టాడు. అది మోటారు సైకిలు గనక లెక్కలోకి రాలేదు.

ఇక జనానికి సంగతి పొక్కింది. 'గుద్దకపోతే మన బస్సు పోతాదట' అని కొండవార ఊళ్ళన్నీ గోలెత్తిపోయాయి. బస్సు కోసం ఆ జనం ఏమైనా చేస్తారు. బోడెయ్య తాత తన విరిగిన నాటుబండి రోడ్డుకి అడ్డంగా పెట్టి, గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. బస్సు వచ్చింది, ఆగింది. పోలినాయుడు దిగి, బండిని పక్కకి లాగి, "రోడ్డు నీ పెరడనుకున్నావేటి తాతా?" అని కేకలేశాడు.

"నీకోసమే పెట్టినాన్రా! గుద్దీ!"

"సెక్కరం బాగుంది తాతా. ఇరుసొక్కటీ మార్పించుకో, బండి పనికొస్తాది."

మర్నాడు ఒక ఆటోవాడు వచ్చి, తన ఆటో పాతదే గనక మొహమాటపడకుండా గుద్దమన్నాడు. పోలినాయుడు ఆటో చుట్టూ తిరిగి చూసి, బ్రేకు వదులుగా ఉందని కోప్పడి, తన పానా తెచ్చి బిగించి పంపించాడు. కుండలమ్మే ఆవిడ కుండలన్నీ వరసగా పేర్చి పెట్టింది. బస్సు వాటి పక్కనుంచి పెళ్ళినడకలో పోయింది. ఆఖరికి రెండు ఊళ్ళ పంచాయతీలు తగువులాడుకున్నాయి. ప్రమాదం మా పొలిమేరలో జరగాలంటే మా పొలిమేరలో జరగాలని. రెండు ఊళ్ళూ తోరణాలు కట్టాయి. ఆ తోరణాలు చూసి పోలినాయుడు, ఇక్కడేదో పండగలా ఉంది, పిల్లలు రోడ్డుమీద ఉంటారని మరింత నెమ్మదిగా నడిపాడు.

"మాకోసం ఒక్క దెబ్బ కొట్టలేవా నాయినా?" అని ఒక ముసలమ్మ బస్సెక్కుతూ అతని గడ్డం పట్టుకుంది.

"నా వొల్ల అవదమ్మా," అన్నాడు పోలినాయుడు. "కొట్టీద్దుననే అనుకుంతన్నాను. సెయ్యి రాదు."

పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం డిపో ఖాళీగా ఉన్నప్పుడు దమయంతి ఒక బస్సెక్కి స్టీరింగు ముందు కూర్చుంది. ఆవరణ గోడ ఒకటి ఎప్పటినుంచో పడిపోవడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఒక్క తోపు తోస్తే పోయేదేమీ లేదు. గోడ వెనక ఎవరూ లేరని రెండుసార్లు దిగి చూసొచ్చింది. బండి కదిలించింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. గోడ దగ్గరపడేసరికి కాలు దానంతట అదే బ్రేకు తొక్కేసింది. మళ్ళీ వెనక్కి తీసి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తొక్కేసింది. ఇన్నేళ్ళు ఇంతమందికి నేర్పిన కాలు ఇవాళ తన మాట వినడం లేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. డిపోని కాపాడలేకపోయానని ఏడుపు, ఇంకా కాపాడే కాలు ఉన్నందుకు ఏదో తెలియని సంతోషం, రెండూ కలిసొచ్చాయి.

పౌర్ణమినాడు ఇందుశేఖరం గారు డిపో తాళాలు తీసుకోవడానికి బయల్దేరారు. డ్రైవరు సెలవులో ఉన్నాడు గనక ఆఫీసు కారు తామే నడుపుకుంటూ వచ్చారు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చేతిలో పలక. దాని మీద చింతలేరు ఇంకా తెల్లగానే ఉంది. "ఈ మచ్చ నేటితో సమసిపోవును" అన్న వాక్యం బాగుందా, "తొలగిపోవును" అంటే బాగుంటుందా అని ఆలోచిస్తూ ఆయన డిపో గేటు ముందు మలుపు తిరిగారు.

సరిగ్గా అప్పుడే కొండవారనుంచి మొదటి బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. ఎందుకాగిందంటే, బాతుల మంద ఒకటి రోడ్డు దాటుతోంది. బాతులకి తొందర లేదు. పోలినాయుడికీ లేదు. ఇంజను నడుస్తుండగా గేరు తీసి, పాదం బ్రేకు మీద ఉంచి, వాటి నడక చూసి నవ్వుకుంటున్నాడు.

ఢామ్మంది.

బాతులు ఒక్కసారి రెక్కలు కొట్టుకుని, తమకేం కాలేదని తెలుసుకుని మళ్ళీ నడక సాగించాయి. బస్సు వెనక ఒక గీత పడింది. కారు ముక్కు మాత్రం చప్పిడయి, మూత లేచి ఆకాశం చూసింది. స్టీరింగు కింద చిత్రగుప్త టింగుమని, ఆ డిపోలో ఎవరూ ఎన్నడూ చూడని ఎర్రదీపం వెలిగించుకుంది.

"ఎరుపొచ్చీసింది!" అని రవణమ్మ పెట్టిన కేక బొంతలకోటకి వినిపించి ఉండాలి. "మేడమ్! మన పెట్టికి ఎరుపొచ్చీసిందండోయ్!" బస్సులో జనం ఈలలు వేశారు. కాలేజీ పిల్లలు చున్నీలు తిప్పారు. ఎవరో అప్పటికప్పుడు గంపలోంచి అరటిపళ్ళు తీసి పంచేశారు.

దమయంతి గేటునుంచి పరిగెత్తుకొచ్చింది. ఎర్రదీపం వైపు కాదు, కారు వైపు. తలుపు లాగి, "దెబ్బ తగిలిందా సార్? చెయ్యి కదపండి. మెడ తిప్పండి. ఏదీ, నన్ను చూడండి" అంది.

ఇందుశేఖరం గారి నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి. గుద్దుళ్ళ కోసం రాష్ట్రమంతా గాలించిన ఆయనకి గుద్దుడు ఎలా ఉంటుందో ఇదివరకు తెలీదు. చప్పుడు ఇంత పెద్దగా ఉంటుందని ఏ పలకా ఆయనకి చెప్పలేదు. దమయంతి ఆయన్ని చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, బొప్పికి పసుపు రాసింది. కాసేపటికి ఆయనకి ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటు భాష కూడా వచ్చింది.

"ఇది... ఇది ప్రమాదం కాదమ్మా. సమగ్ర దృక్పథంతో పరిశీలించినట్లయితే ఇది కేవలం తాకిడి. పైగా బస్సు నిలిచి ఉంది. నిలిచియున్న వాహనం ప్రయాణ దత్తాంశం కిందికి రాదు."

"ఇంజను ఆపనేదు బాబూ," అన్నాడు పోలినాయుడు వినయంగా. "బాతుల కోసం ఆగినాను. ప్రయాణంలోనే ఉన్నాను."

ఇంతలో ఆయన ఫోను మోగింది. రాజధానినుంచి పెద్దాయన. సంస్థకి అధిపతి. ఆ గొంతు చెట్టు కింద అందరికీ వినిపించేంత సంబరంగా ఉంది.

"ఇందుశేఖరం గారూ! సాధించారయ్యా! చింతలేరు ఎర్రబడింది! అదీ ఎంత నాణ్యమైన నమూనా! గుద్దేముందు వెనక వాహనంలో బ్రేకు ఛాయ కూడా లేదు. వేగం తగ్గలేదు, చక్రం తిరగలేదు, ఎదర ఏముందో చూసిన ఆనవాలే లేదు. ఇంత స్వచ్ఛమైన అశ్రద్ధ మన యంత్రం ఇంతవరకు ఎరగదు! ఆ నడిపినవాడెవరో కనుక్కోండి, పిలిపించి సన్మానం చేద్దాం."

ఇందుశేఖరం గారు ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టారు. దమయంతి ఆయన పక్కన నిలబడి మెల్లిగా అడిగింది.

"సార్, మీరు కావాలని గుద్దారా?"

"ఛఛ! ఎంతమాట!"

"అయితే సహజసిద్ధమే గదా?"

ఆయన పోలినాయుడిని చూశారు. బస్సు కిటికీల్లోంచి తననే చూస్తున్న ముఖాలన్నిటినీ చూశారు. కాదంటే తనే కావాలని ప్రభుత్వ బస్సుని గుద్దినట్టు. అవునంటే డిపో నిలిచినట్టు. మధ్యలో ఏదైనా మాట ఉందేమోనని ఆఫీసు భాషంతా వెతికారు. ఆ భాషలో లేని మాట లేదంటారు గాని, ఆ పూట దొరకలేదు.

"సహజసిద్ధమే," అన్నారు ఫోనులోకి, చాలా చిన్న గొంతుతో. "నడిపింది... నేనే సార్."

పెద్దాయన గొంతు సవరించుకుని, అధికారులు స్వయంగా ముందుండి నడిపించడం ఇతరులకి ఆదర్శమన్నారు. విలీనం రద్దన్నారు. చింతలేరుకి వెండి కప్పు కూడా ఉంటుందన్నారు. చివర్లో, ఒకసారి అందుకున్న ఎత్తునుంచి జారకూడదు గనక, అభివృద్ధి దృష్ట్యా వచ్చే ఏడాదికి ఆ డిపో లక్ష్యం రెండు ప్రమాదాలుగా నిర్ణయించామని సెలవిచ్చారు.

ఆ చివరి సంగతి ఎవరికీ ఎక్కలేదు. డిపో నిలిచిందన్న మాట దగ్గరే జనం ఎగిరి గంతేశారు. రవణమ్మ ఏడుస్తూ నవ్వుతూ బస్సు మెట్టుమీద కూలబడింది. పోలినాయుడు తుండుతో ముఖం తుడుచుకుని, అప్పటికింకా రోడ్డు దాటుతున్న చివరి బాతుకి దండం పెట్టాడు.

మధ్యాహ్నానికి మెకానిక్కులు కారు మూతని కొబ్బరితాడుతో కట్టి, నడిచేలా చేసి అప్పజెప్పారు. ఇందుశేఖరం గారు డిపోవాళ్ళ సత్తుకేరేజీలోంచే ఇంత అన్నం తిని, కారెక్కి, గేటు దాకా వచ్చి ఆగారు. ఎందుకాగారో ఆయనకే తెలీదు. అంతకుముందు ఆయన ఆ గేటు దగ్గర ఆగింది ఉత్తర్వు రాసుకోవడానికి.

దమయంతి కిటికీ దగ్గరికి వంగింది. ఉత్తర్వు సంగతి ఆమెకి గుర్తుంది. అయినా అడిగింది.

"ఎవరికి చెప్పొచ్చారు సార్?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఎవరికీ చెప్పలేదని. ఫోను తీశారు.

"అమ్మా... నేనే. ఏం లేదు, ఊరికే చేశాను. చింతలేరునుంచి బయల్దేరుతున్నాను. ఆఁ, తిన్నాను. వంకాయ కూర. లేదమ్మా, ఏమీ అవలేదు. ఆఁ... నెమ్మదిగానే వస్తాను."

ఆ మాటల్లో ఒక్క ఆఫీసు మాట లేదు. దమయంతి గేటు తీయించింది. పలకని వెనక సీట్లో బోర్లా పడేసి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఆయన కదిలారు. మలుపు దగ్గర హారను కొట్టారు. గతుకు దగ్గర ఆగి దాటారు. మేత ముగించి వెనుదిరిగిన బాతుల మంద ఆయన కారుని పక్కనుంచి దాటుకుని ముందుకెళ్ళిపోయింది. ఆయన వాటికి దారిచ్చి ఆగారు.

అది చూస్తుంటే దమయంతికి గుండె నిండిపోయింది. చాలా కాలానికి అలా నిండింది. అంతలో పొద్దుటి ఫోను మాట గుర్తొచ్చి, నిండిన గుండె గుభేలుమంది.

"పోలినాయుడూ! వచ్చే ఏటికి రెండు కావాలన్నారయ్యా!"

పోలినాయుడు రోడ్డు వంక చూశాడు. కారు ఇంకా ఆ బాతుల వెనకే ఉంది.

"ఆశంతా ఆరి మీదే పెట్టుకున్నాను మేడమ్," అన్నాడు నిట్టూర్చి. "ఆ తోలడం సూడండి. మీరడిగీసి, ఆరిని కూడా పాడు సేసీసినారు."